రోజువారీ పాఠంలో టెక్నాలజీ: 45 నిమిషాల పీరియడ్‌లో ఎక్కడ, ఎంతసేపు?

సుద్దముక్క:
అందరికీ నమస్కారం. జెడ్పీ హైస్కూల్, 8 నుంచి 10 వరకు గణితం, భౌతికశాస్త్రం. గదిలో 75 అంగుళాల ఐఎఫ్‌పీ (వేలితో తాకితే పనిచేసే పెద్ద తెర, ప్యానెల్ అంటాం) ఉంది. సెక్షన్‌కి నలభై మందికి పైనే. నెట్ వస్తూ పోతూ ఉంటుంది. పిల్లల దగ్గర ఫోన్లు లేవు, టీచర్ ఫోన్ ఒక్కటే. ప్యానెల్ మీద వీడియో పెట్టడం, పీడీఎఫ్ చూపించడం అందరం చేస్తున్నదే. అంతకుమించి ఏం చేయొచ్చు? ఇన్‌స్పెక్షన్ రోజు కోసమో డెమో క్లాసు కోసమో కాదు. సోమవారం నుంచి శనివారం దాకా, సిలబస్ వెనకబడకుండా నడిచే పద్ధతి కావాలి. ఏ యాప్, ఏ సెట్టింగ్, ఎక్కడ చెడుతుంది, ఇవన్నీ వివరంగా చెబితే మేలు.

కోణమానిని:
ముందు టైం సంగతి తేల్చుకుందాం. 45 నిమిషాల్లో ప్యానెల్‌కి ఎనిమిది నుంచి పది నిమిషాలు చాలు. మిగతాది బోర్డు, నోటుబుక్కు, పిల్లల నోరు. ఆ పది నిమిషాలు ఎక్కడ పెట్టాలంటే, బోర్డు మీద గీస్తే కదలనివి ఎక్కడ కదలాలో అక్కడ. లెక్క సాధన మెట్లు ప్యానెల్ మీద చూపించడం దండగ, సుద్దతోనే బాగా వస్తుంది.

పదో తరగతి వర్గ సమీకరణాలు తీసుకోండి. జియోజీబ్రా గ్రాఫింగ్ యాప్ ప్యానెల్‌లో ఒకసారి ఇన్‌స్టాల్ చేస్తే నెట్ అక్కర్లేదు. ఇన్‌పుట్ గడిలో ఏ ఎక్స్ స్క్వేర్ ప్లస్ బీ ఎక్స్ ప్లస్ సీ అని, అక్షరాల మధ్య గుణకారం గుర్తు పెట్టి కొట్టండి. గుర్తు వదిలేస్తే ఏ, ఎక్స్ రెండూ కలిపి ఒకే పేరు అనుకునే ప్రమాదం ఉంది. మూడు స్లైడర్లు (వేలితో జరిపితే విలువ మారే మీటలు) వాటంతటవే వస్తాయి, మైనస్ 5 నుంచి 5 వరకు, మెట్టు 0.1. ఆ మెట్టుని 0.5 చేయండి, లేకపోతే పిల్లలు నోటితో లెక్క కట్టలేని విలువలు వస్తాయి.

అసలు పని ఇక్కడుంది. స్లైడర్ కదిపే ముందు అడగాలి: "సీ పెంచితే వక్రం ఎటు పోతుంది? చేత్తో చూపించండి." పైకి అని అందరూ చెబుతారు, సరే. "ఏ తగ్గిస్తూ సున్నా దగ్గరికి వస్తే?" వెడల్పు అవుతూ అవుతూ సున్నా దగ్గర సరళరేఖ అయిపోతుంది. పుస్తకంలో నిర్వచనం పక్కన ‘ఏ సున్నా కాకూడదు’ అని ఎందుకు రాశారో అక్కడ కళ్లతో చూస్తారు. ఇక "బీ కదిపితే?" అంటే దాదాపు అందరూ "పక్కకి జరుగుతుంది సార్" అంటారు. శీర్షం మీద బిందువు పెట్టి దానికి ట్రేస్ (బిందువు నడిచిన దారి తెర మీద నిలిచేలా చేసే సెట్టింగ్) ఆన్ చేసి బీ కదపండి. శీర్షం పక్కకి జరగదు, ఇంకో బోర్లించిన పరావలయం మీద నడుస్తుంది (ఏ ధనాత్మకం అయితే). ఎందుకో బోర్డు మీద చేయించండి: శీర్షం ఎక్స్ విలువ మైనస్ బీ బై రెండు ఏ. అందులోంచి బీ తీసి ప్రతిక్షేపిస్తే వై విలువ సీ మైనస్ ఏ ఎక్స్ స్క్వేర్ వస్తుంది. చూడటం ప్యానెల్ మీద రెండు నిమిషాలు, నిరూపణ బోర్డు మీద పది నిమిషాలు. నిష్పత్తి అలా ఉంటే సిలబస్ వెనకబడదు.

ఓం నియమం:
ఫిజిక్స్‌కి ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీదే చేసి చూసే ప్రయోగాలు. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లవి, పూర్తిగా ఉచితం, కొన్నిటికి తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి. ఒక్కో సిమ్యులేషన్ ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైల్‌గా డౌన్‌లోడ్ అవుతుంది, కొన్ని ఎంబీలే. నెట్ ఉన్నచోట దించుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి.

ఒక చిక్కు: ప్యానెల్‌లో ఫైల్ మీద తడితే చాలాసార్లు ‘హెచ్‌టీఎంఎల్ వ్యూయర్’లో తెరుచుకుని తెల్ల తెర కనిపిస్తుంది. అందులో జావాస్క్రిప్ట్ నడవదు. ఫైల్‌ని నొక్కి పట్టుకుని ‘ఓపెన్ విత్’లో క్రోమ్ ఎంచుకోవాలి. ఫైల్ పాడైందనుకుని మళ్లీ దించుకోనక్కర్లేదు.

విద్యుత్తు పాఠానికి డీసీ సర్క్యూట్ కిట్ సిమ్యులేషన్ వాడండి. అందులో బ్యాటరీ 9 ఓల్టులు, బల్బు 10 ఓములు ముందే పెట్టి ఉంటాయి. ఒక బల్బుకి 0.9 ఆంపియర్లు. ఇప్పుడు శ్రేణిలో ఇంకో బల్బు పెట్టి, మొదటి బల్బుకి ముందొక అమ్మీటర్, రెండు బల్బుల మధ్య ఒకటి, చివర ఒకటి పెట్టండి, కానీ రీడింగ్ కనిపించకుండా చేత్తో మూయండి. "మూడింట్లో ఏది ఎక్కువ చూపిస్తుంది?" అని అడిగి నోటుబుక్కులో రాయించండి. మొదటి బల్బు కొంత కరెంటు ‘తినేస్తుంది’ అనుకునేవాళ్లు ఏ తరగతిలో చూసినా మూడో వంతు ఉంటారని నా అంచనా. చెయ్యి తీస్తే మూడూ 0.45. రాయించడం ముఖ్యం. నోటితో అడిగితే క్లాస్ ఫస్ట్ వాడు చెప్పిందే అందరూ చెబుతారు.

పిల్లల చేతికి స్టైలస్ ఇస్తే మొదట చేసేది బ్యాటరీ రెండు కొసలూ తీగతో కలిపి మంట పెట్టడం. ఆపకండి. ‘షార్ట్ సర్క్యూట్’ అక్కడే చెప్పేయొచ్చు.

వెనకబెంచి:
ఒక అభ్యంతరం. ఇలా సిమ్యులేషన్ అలవాటైతే ల్యాబ్ బీరువా తాళం తీసేవాడు ఉండడు. తెర మీద బల్బు వెలిగింది, సరే, కానీ వదులు కనెక్షన్ అంటే ఏంటో పిల్లవాడికి ఎప్పుడు తెలుస్తుంది? పైగా సిమ్యులేషన్‌లో బల్బు ఎప్పుడూ 10 ఓములే. నిజం బల్బు అలా ఉండదు కదా.

ఓం నియమం:
నిజమే, ఉండదు. అందుకే రెండూ ఒకే పీరియడ్‌లో పెట్టాలి. ఫిలమెంట్ ఉన్న 2.5 ఓల్టుల, 0.3 ఆంపియర్ల టార్చి బల్బులు సైన్సు సామాన్ల షాపుల్లో ఇంకా దొరుకుతున్నాయి (ఎల్ఈడీ తెస్తే ప్రయోగం మొత్తం మారిపోతుంది). లెక్క ప్రకారం వెలుగుతున్నప్పుడు నిరోధం 8.3 ఓములు. చల్లగా ఉన్నప్పుడు మల్టీమీటర్‌తో కొలవండి, ఒకటి రెండు ఓములే చూపిస్తుంది. టంగ్‌స్టన్ వేడెక్కే కొద్దీ నిరోధం పెరుగుతుంది, అంతే.

కాబట్టి అదే బ్యాటరీకి రెండు బల్బులు శ్రేణిలో పెడితే కరెంటు సగానికి తగ్గదు, సగం కంటే ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే రెండూ మసగ్గా వెలుగుతూ చల్లగా ఉంటాయి. తెర మీద సరిగ్గా సగం వచ్చింది, బల్ల మీద రాలేదు. ఆ తేడానే ఆ రోజు పాఠం. ఓం నియమం గ్రాఫు సరళరేఖగా రావాలంటే మాత్రం బల్బు వద్దు, నిక్రోమ్ తీగ వాడండి. దాన్ని కూడా ఎక్కువసేపు ఆన్‌లో ఉంచకూడదు, రీడింగ్ తీసిన వెంటనే స్విచ్ తీసేయాలి.

పెన్‌డ్రైవ్ పంతులు:
పాఠం మధ్యలో చెడేవన్నీ ఒకచోట రాస్తాను.

పెన్‌డ్రైవ్ కనిపించకపోతే ఫార్మాట్ చూడండి. కొన్ని ప్యానెళ్లు ఎక్స్‌ఫ్యాట్ చదవవు. ఫ్యాట్32 చేస్తే చదువుతాయి, కాకపోతే 4 జీబీ దాటిన ఫైల్ అందులో పట్టదు. అంత పెద్ద వీడియో క్లాసులో ఎందుకు అన్నది వేరే ప్రశ్న. వీడియోలు 720పీ, ఎంపీ4, హెచ్.264లో ఉంచితే ఎక్కడైనా ఆడతాయి. బొమ్మ వచ్చి శబ్దం రాకపోయినా, శబ్దం వచ్చి బొమ్మ రాకపోయినా కోడెక్ (వీడియోని కుదించి దాచే పద్ధతి) గొడవే.

‘మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు’ అని ప్రతి సైటుకీ వస్తుంటే నెట్‌ని తిట్టకండి, ప్యానెల్‌లో తేదీ చూడండి. మెయిన్ స్విచ్ తీసేసే బళ్లలో గడియారం పాత తేదీకి వెళ్లిపోతుంది. సైటు సర్టిఫికెట్ చెల్లే తేదీతో అది కుదరదు, బ్రౌజర్ ఆపేస్తుంది. తేదీ సరిచేస్తే ఆ క్షణమే పనిచేస్తుంది.

ల్యాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐతో కలిపాక బొమ్మ వస్తుంది కానీ టచ్ పనిచేయదు. హెచ్‌డీఎంఐ బొమ్మ, శబ్దం మాత్రమే మోస్తుంది. ప్యానెల్ మీద ‘టచ్’ అని రాసిన చతురస్రపు యూఎస్‌బీ పోర్టు ఉంటుంది (ప్రింటర్‌కి ఉండే రకం). అక్కడి నుంచి ల్యాప్‌టాప్‌కి ఇంకో కేబుల్ కావాలి. ప్రింటర్ కేబుల్ సరిపోతుంది. హెచ్‌డీఎంఐ 1కి పెడితే టచ్ కూడా 1కే పెట్టాలి.

సుద్దముక్క:
చాలా ఉపయోగం పంతులు గారూ. ఇంకొకటి: ఎవరూ ముట్టుకోకుండానే ప్యానెల్ మీద గీతలు పడటం, మెనూలు తెరుచుకోవడం జరుగుతోంది. సర్వీసు వాళ్లని పిలవాల్సిందేనా?

పెన్‌డ్రైవ్ పంతులు:
పిలిచే ముందు ఇవి చూడండి. బడుల్లో ఉన్న ప్యానెళ్లలో ఎక్కువ భాగం ఇన్‌ఫ్రారెడ్ టచ్‌వి. అంచు ఫ్రేము లోపల చుట్టూ కంటికి కనపడని కాంతి పుట్టించేవీ పట్టుకునేవీ ఉంటాయి. వేలు అడ్డం వస్తే ఏ గడిలో ఆగిందో దాన్నే టచ్ అనుకుంటుంది. అంటే గాజుని తాకనక్కర్లేదు, ఆ కాంతికి ఏది అడ్డం వచ్చినా చాలు. సుద్దపొడి అంచులో పేరుకోవడం మొదటి కారణం. రెండోది కిటికీలోంచి ఎండ నేరుగా ఫ్రేము మీద పడటం. మూడోది రాసేటప్పుడు చీర కొంగో చొక్కా చేతో తగలడం. నాలుగోది ఫ్రేము మీద అంటించిన స్టిక్కర్లు, దండలు. ఆగస్టు 15కి కట్టిన రంగు కాగితాలు సెప్టెంబర్ దాకా వేలాడుతుంటాయి.

పవర్ తీసేసి, పొడి మైక్రోఫైబర్ గుడ్డతో అంచు లోపలి పట్టీని నాలుగు పక్కలా తుడవండి. తడి గుడ్డ, స్పిరిట్ వద్దు. బోర్డు ప్యానెల్ పక్కనే ఉంటే డస్టర్‌తో ప్యానెల్ వైపు కాకుండా అవతలి వైపుకి తుడిచే అలవాటు చేయించండి. ఇంత చేసినా గీతలు ఎప్పుడూ ఒకే నిలువు వరుసలో పడుతుంటే అప్పుడు భాగం పాడైనట్టు, పిలవండి.

అచ్చుహల్లు:
తెలుగు పండితుల తరఫున రెండు ముక్కలు. ప్యానెల్ మీద ఏం పెట్టినా చివరి బెంచీకి కనపడాలి కదా. 75 అంగుళాల తెర ఎత్తు సుమారు 93 సెంటీమీటర్లు. ప్రెజెంటేషన్ స్లయిడ్‌లో 28 పాయింట్ల అక్షరం పెడితే తెర మీద మొత్తం సైజు 5 సెంటీమీటర్ల లోపు, అందులో అసలు అక్షరం బొడ్డు రెండున్నర సెంటీమీటర్లు కూడా రాదు. ఇంగ్లిష్‌కి అది సరిపోవచ్చు. తెలుగులో పైన గుడి, కింద వత్తు, అన్నీ ఆ కాస్తలోనే ఇమడాలి. ‘ష్ట’, ‘ష్ణ’ల తేడా ఇరవై అయిదు అడుగుల దూరంలో తెలియదు. 36కి తగ్గకండి, స్లయిడ్‌కి ఆరు వరుసలు దాటకండి. వరుసల మధ్య దూరం 1.3 పెట్టండి, లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస తలకట్లకి తగులుతాయి. నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటి సాదా ఫాంట్లు మేలు. సన్న గీతల ఫాంట్లు పెళ్లి పత్రికలకి వదిలేయండి.

ఫాంట్ ప్యానెల్‌లో లేకపోతే స్లయిడ్ మొత్తం వేరే ఫాంట్‌లోకి మారి వరుసలు చెదిరిపోతాయి. పీడీఎఫ్ చేసి పట్టుకెళ్తే ఆ గొడవ ఉండదు.

రెండోది, అను ఫాంట్లు. డీటీపీ సెంటర్లో కొట్టించిన పాత ప్రశ్నపత్రాలన్నీ వాటిలోనే ఉంటాయి. వాటిని కాపీ చేసి గూగుల్ ఫారంలోనో వాట్సాప్‌లోనో అతికిస్తే గజిబిజి గుర్తులు వస్తాయి, ఎందుకంటే అందులో ఉన్నది తెలుగు అక్షరాల కోడ్ కాదు, ఇంగ్లిష్ అక్షరాలకి తెలుగు బొమ్మ తొడిగినది. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి (ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ గుర్తుపట్టే అక్షరాల కోడ్) మార్చాలి. మార్చాక ర వత్తు, క్ష, సున్నా తర్వాతి అక్షరం, ఈ మూడూ ప్రత్యేకంగా చూసుకోండి. కాగితం కాపీయే ఉంటే తిన్నగా ఫొటో తీసి గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి ‘ఓపెన్ విత్ గూగుల్ డాక్స్’ అంటే అక్షరాలుగా మారుస్తుంది. అచ్చు బాగుంటే చాలావరకు సరిగ్గానే వస్తుంది. భిన్నాలు, ఘాతాలు మాత్రం నమ్మొద్దు, చేత్తో కొట్టుకోవాల్సిందే.

కోణమానిని:
సుద్దముక్క గారు ‘టీచర్ ఫోన్ ఒక్కటే’ అన్నారు కదా, దానికి ప్లిక్కర్స్ అని, క్లాసు మొత్తం జవాబులు ఒకేసారి పట్టుకునే యాప్ ఉంది. ఒక్కో పిల్లవాడికి ఒక కాగితం కార్డు. దాని మీద నలుపు తెలుపు గళ్ల బొమ్మ ఉంటుంది, నాలుగు పక్కలా ఏ, బీ, సీ, డీ అని చిన్న అక్షరాలు. తన జవాబు అక్షరం పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటాడు. టీచర్ ఫోన్ కెమెరాతో గది మొత్తం ఒకసారి తిప్పి చూస్తే ఎవరు ఏది పెట్టారో నమోదవుతుంది. ఒక్కో కార్డు బొమ్మ వేరు కాబట్టి పక్కవాడిది చూసి అలాగే తిప్పినా జవాబు అదే అవ్వదు. దీనికి మాత్రం నెట్ కావాలి, కానీ ఫోన్ డేటా సరిపోతుంది.

కార్డు నంబరు అంటే రోల్ నంబరే. పేర్లు ఎక్కించకండి, పిల్లల వివరాలు బయటి సర్వర్‌లో ఎందుకు? కార్డుని నోటుబుక్కు చివరి అట్ట లోపల అంటించేస్తే పోదు, పంచిపెట్టే టైమూ మిగులుతుంది.

స్కాన్ కాకపోతే కారణాలు మామూలుగా మూడే. వేళ్లు గళ్ల మీద పడటం, కార్డు వంగటం, పిల్లల వెనక కిటికీ ఉండి కార్డు నల్లగా పడటం. మూడోదానికి టీచరే కిటికీ వైపు వీపు పెట్టి నిలబడాలి.

రోజుకి రెండు ప్రశ్నలు చాలు. ఏడో తరగతి దశాంశాలకి ఇలాంటిది: కిందివాటిలో పెద్దది ఏది? 0.5, 0.45, 0.125, 0.09. అంకెలు ఎక్కువుంటే పెద్ద సంఖ్య అనుకునేవాడు 0.125 పెడతాడు, వాడెవడో వెంటనే తెలిసిపోతుంది.

వెనకబెంచి:
కోణమానిని గారూ, ఆ ప్రశ్నలో ఒక కన్నం ఉంది. దశాంశాల్లో ఇంకో రకం అపోహ కూడా ఉంది. అంకెలు తక్కువుంటేనే పెద్దది అనుకోవడం. ‘పదో వంతు పెద్దది, వెయ్యో వంతు చిన్నది, కాబట్టి పొడుగు సంఖ్య చిన్నది’ అని వాళ్ల లెక్క. అలాంటివాడు మీ ప్రశ్నకి 0.5 పెడతాడు. జవాబు కరెక్టు, కారణం తప్పు, ఫోన్‌లో మాత్రం ఆకుపచ్చ.

0.5 తీసి 0.3 పెట్టండి. 0.3, 0.45, 0.125, 0.09. ఇప్పుడు సరైనది 0.45. ‘పొడుగు పెద్దది’ వాడు 0.125 పెడతాడు. ‘పొట్టి పెద్దది’ వాడు 0.3. సున్నాని లెక్కలోకి తీసుకోకుండా 9 చూసేవాడు 0.09. నలుగురూ నాలుగు గదుల్లో పడతారు. కార్డులు, కెమెరాలు బాగానే ఉన్నాయి, కానీ ప్రశ్న ఇలా కుదరకపోతే ఆ ఫలితం పట్టికతో ఏం చేయాలో ఎవరికీ తెలియదు.

కోణమానిని:
0.3 బాగుంది, అదే వాడండి అందరూ.

ఫలితం వచ్చాక ఏం చేయాలన్నదానికి హార్వర్డ్ ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ పెట్టిన లెక్క చాలామంది వాడతారు. సరైనవాళ్లు 30 శాతం లోపు ఉంటే ఆ భావన మళ్లీ చెప్పాలి. 70 దాటితే ఒక మాటలో వివరించి ముందుకి పోవచ్చు. మధ్యలో ఉంటే జవాబు చెప్పకుండా "పక్కవాడు వేరే జవాబు పెట్టి ఉంటే, నీదే ఎందుకు కరెక్టో వాడికి చెప్పి ఒప్పించు" అని రెండు నిమిషాలు ఇచ్చి, మళ్లీ కార్డులు ఎత్తించాలి. మొదటిసారి ఫలితం ప్యానెల్ మీద చూపించకూడదు. చూపిస్తే చర్చ ఉండదు, ఎక్కువమంది దేనికి ఉన్నారో చూసి అందరూ అటే మారతారు.

ఏకోపాధ్యాయ:
మీరంతా హైస్కూల్ వాళ్లు. ప్రైమరీలో ఒక్క టీచర్, ఒకటి నుంచి అయిదు దాకా ఒకే హాలు. ప్యానెల్ లేదు. ఫోన్, బ్లూటూత్ స్పీకరు ఉన్నాయి. దీంతో ఏమైనా అయ్యేదుందా? చదవడం రాని పిల్లలే పెద్ద సమస్య. వాయిస్ టైపింగ్ పెట్టి చదివించమని ఎవరో చెప్పారు.

అచ్చుహల్లు:
వాయిస్ టైపింగ్ చదువు పరీక్షకి పనికిరాదండీ. అది పిల్లవాడు ఏం పలికాడో రాయదు, ఏం పలికి ఉంటాడని ఊహించిందో రాస్తుంది. ‘పలక’ని ‘పలకా’ అన్నా, ‘బలక’ అన్నా ‘పలక’ అనే పడుతుంది. ఇంకో పక్క ఊరి యాసలో శుభ్రంగా పలికినదాన్ని వేరే మాటగా మార్చేస్తుంది. రెండు వైపులా అబద్ధమే.

చదివించడానికే చేసింది గూగుల్ రీడ్ అలాంగ్. తెలుగు ఉంది, కథలు ముందే దించుకుంటే నెట్ లేకుండా నడుస్తుంది. పిల్లవాడు బయటికి చదువుతుంటే మాట మాటా గుర్తుపట్టి, ఆగిన మాట మీద తడితే పలికి వినిపిస్తుంది. హాల్లో అయిదు తరగతుల గోల ఉంటుంది కాబట్టి మైకు ఉన్న ఇయర్‌ఫోన్ తప్పనిసరి. బయటి వరండాలో ఒక మూల, ఒక్కొక్కరికి ఏడెనిమిది నిమిషాలు, రోజుకి అయిదుగురు. వారంలో అందరికీ రాకపోయినా ఫర్వాలేదు, అస్సలు రానివాళ్లకే ముందు ఇవ్వండి. పక్కన అయిదో తరగతి పిల్లని కూర్చోబెట్టండి. యాప్ నక్షత్రాలు ఇస్తుంది, వాటిని మార్కులుగా రాసుకోవద్దు. కొత్త పేరా ఒకటి మీరే చదివించి చూసుకోవాలి.

స్పీకరుకి ఇంకో పని చెప్పండి. మీ గొంతుతోనే ఉక్తలేఖనం రికార్డు చేయండి, మాటకీ మాటకీ మధ్య పది సెకన్లు వదిలి, పది మాటలు. నాలుగు, అయిదు తరగతులు అది వింటూ రాస్తుంటే మీరు ఒకటి, రెండు తరగతుల దగ్గర కూర్చోవచ్చు. ఇది యాప్ కాదు, అయినా ప్రైమరీలో దీన్ని మించింది నాకు కనపడలేదు.

ఏకోపాధ్యాయ:
ఉక్తలేఖనం ఐడియా రేపే మొదలుపెట్టొచ్చు. థాంక్స్ మేడమ్. పుస్తకంలో క్యూఆర్ కోడ్లు సగం స్కాన్ కావడం లేదు, దానికేమైనా ఉందా?

పెన్‌డ్రైవ్ పంతులు:
క్యూఆర్ కోడ్ కింద ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు కలిసి ఆరు గుర్తుల కోడ్ ఉంటుంది చూడండి. దీక్ష యాప్‌లో (ప్రభుత్వ పాఠాల యాప్) అది టైప్ చేసినా అదే పాఠం తెరుచుకుంటుంది. తెరిచాక డౌన్‌లోడ్ గుర్తు నొక్కి ఉంచుకోండి, క్లాసులో నెట్ అక్కర్లేదు. ఎంత మంచి వీడియో అయినా మూడు నిమిషాలకి ఒకసారి ఆపి ప్రశ్న వేయండి. పదిహేను నిమిషాలు ఏకధాటిగా ఆడిస్తే అది పాఠం కాదు, విశ్రాంతి.

ఓం నియమం:
ఫోన్ సంగతి వచ్చింది కాబట్టి, ఫోన్‌నే కొలత పరికరంగా వాడొచ్చు. జర్మనీలోని ఆహెన్ విశ్వవిద్యాలయం వాళ్ల ఫైఫాక్స్ యాప్ ఉచితం, నెట్ అక్కర్లేదు. తొమ్మిదో తరగతి ధ్వని పాఠంలో ధ్వని వేగం కొలవడానికి అందులో ‘అకూస్టిక్ స్టాప్‌వాచ్’ ఉంది. చప్పట్లకి మొదలై, చప్పట్లకి ఆగే గడియారం. రెండు ఫోన్లు కావాలి, స్టాఫ్ రూంలో ఇంకొకరిది అడగండి.

ఆటస్థలంలో టేపుతో సరిగ్గా 5 మీటర్లు కొలిచి రెండు కొసల్లో ఫోన్లు పెట్టాలి. ఒక్కో ఫోన్ వెనక ఒక పిల్లవాడు. రెండు ఫోన్లూ స్టార్ట్ నొక్కి నిశ్శబ్దం. మొదటివాడు చప్పట్లు కొడతాడు: దగ్గరి ఫోన్ వెంటనే మొదలవుతుంది, దూరపుది శబ్దం చేరాక మొదలవుతుంది. తర్వాత రెండోవాడు కొడతాడు: వాడి ఫోన్ వెంటనే ఆగుతుంది, మొదటిది శబ్దం చేరాక ఆగుతుంది. రెండు గడియారాల తేడా, శబ్దం పోను రాను 10 మీటర్లకి పట్టిన కాలం. చప్పట్ల మధ్య ఎంత ఆలస్యం చేసినా తేడాలో అది కొట్టుకుపోతుంది, ఎందుకు కొట్టుకుపోతుందో పిల్లల చేత బోర్డు మీద రాయించండి, మంచి బీజగణితం. తేడా 0.029 సెకన్లు వస్తే వేగం సెకనుకి 345 మీటర్లు. మన ఎండల్లో, 30 డిగ్రీల దగ్గర, పుస్తకం లెక్క 349.

చెడే చోట్లు: పిల్లవాడు ఫోన్‌కి వెనక, గీత మీదే నిలబడాలి. ఉత్సాహంలో అర మీటరు ముందుకొచ్చి కొడితే దారి మొత్తం ఒక మీటరు తగ్గిపోతుంది, వేగం పది శాతానికి పైగా తప్పు వస్తుంది. థ్రెషోల్డ్‌ని (ఎంత శబ్దానికి గడియారం కదలాలో ఆ హద్దు) చుట్టూ ఉన్న గోల కంటే కాస్త పైన పెట్టండి, తక్కువుంటే గాలికే మొదలవుతుంది. గోడకి దగ్గరగా చేస్తే ప్రతిధ్వని వచ్చి ఫోన్ ముందే ఆగిపోతుంది. ఒక మిల్లీ సెకను తేడా అంటే మూడు శాతానికి పైగా తప్పు, కాబట్టి అయిదు రీడింగులు తీసి సరాసరి చూడాలి. 280 వచ్చిన రీడింగ్‌ని కొట్టేయకండి, ఎందుకొచ్చిందో అడగండి.

వెనకబెంచి:
ఇది ఒప్పుకుంటాను. ఇందులో పిల్లలు నిజంగా ఏదో కొలుస్తున్నారు.

సుద్దముక్క:
ఎనిమిదో తరగతి ట్యాబులు కొన్ని పనిచేస్తున్నాయి, పదిహేను దాకా. నెట్ లేకుండా వాటికి ఒకేసారి పాఠాలు, ప్రశ్నలు పంపడం కుదురుతుందా?

పెన్‌డ్రైవ్ పంతులు:
కొలిబ్రి. ఉచితం, పూర్తిగా ఆఫ్‌లైన్ కోసమే చేసింది. స్కూల్ ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేసి, నెట్ బాగా ఉన్నచోట కావాల్సిన చానళ్లు (పాఠాలు, ప్రశ్నల కట్టలు) దించుకోవాలి. మొత్తం చానల్ వద్దు, మీ యూనిట్ వరకే ఎంచుకోండి, లేకపోతే హార్డ్ డిస్కు నిండిపోతుంది. ట్యాబుల బ్రౌజర్‌లో ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబరు), కోలన్, 8080 కొడితే పేజీ వస్తుంది.

ట్యాబులని కలపడానికి విండోస్ మొబైల్ హాట్‌స్పాట్ మీద ఆధారపడకండి. ఎనిమిది పరికరాలకి మించి ఎక్కించుకోదు, పైగా ల్యాప్‌టాప్‌కి ఏదో ఒక కనెక్షన్ లేకపోతే ఆన్ కూడా కాదు. ఒక మామూలు వైఫై రౌటర్ కొనండి, నెట్ కనెక్షన్ అక్కర్లేదు, కరెంటు చాలు. ల్యాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో రౌటర్‌కి కలిపితే ట్యాబులకి వైఫై మొత్తం మిగులుతుంది. పదిహేను ట్యాబులకి సరిపోతుంది, అయితే అందరూ ఒకేసారి వీడియో నొక్కితే ఆగి ఆగి ఆడుతుంది. ప్రశ్నలు, సాధనలైతే ఇబ్బంది లేదు.

పేజీ రాకపోతే వరుసగా చూడండి. ల్యాప్‌టాప్‌లో నెట్‌వర్క్ ‘ప్రైవేట్’ అని ఉందా, ఫైర్‌వాల్‌లో కొలిబ్రికి అనుమతి ఉందా. ఐపీ అడ్రస్ రోజుకొకటి మారుతుంటే రౌటర్‌లో ల్యాప్‌టాప్‌కి అడ్రస్ రిజర్వ్ చేయండి. ట్యాబులో ‘ఈ వైఫైకి ఇంటర్నెట్ లేదు’ అని అడిగినప్పుడు కనెక్ట్ అయి ఉండమనే చెప్పి, మళ్లీ అడగొద్దు అని టిక్ పెట్టాలి. పెట్టకపోతే అదంతట అదే వైఫై వదిలేస్తుంది, ‘సార్ నాది రావట్లేదు’ అని పదిహేను గొంతులు ఒకేసారి లేస్తాయి.

ముగ్గురికి ఒక ట్యాబు ఇస్తే 45 మందికి సరిపోతుంది. ఒకరు నొక్కాలి, ఒకరు చదవాలి, ఒకరు లెక్క నోటుబుక్కులో చేయాలి. ప్రతి రెండు ప్రశ్నలకీ ట్యాబు చేయి మారాలి, ఈలతోనో గంటతోనో. మారకపోతే ఎవరి చేతిలో ఉండిపోతుందో అందరికీ తెలుసు.

కోణమానిని:
యూనిట్ టెస్టులకి ఒక మాట. జిప్‌గ్రేడ్ అని ఓఎంఆర్ (గుండ్రాలు నింపిన జవాబు షీటుని దిద్దే) యాప్ ఉంది. 20, 50, 100 ప్రశ్నల షీట్లు ప్రింటు తీసుకుని జిరాక్స్ కొట్టించుకోవచ్చు. ఫోన్ కెమెరా ముందు పెడితే అక్కడికక్కడే దిద్దేస్తుంది, స్కాన్‌కి నెట్ అక్కర్లేదు. ఉచితంగా నెలకి 100 స్కాన్లు. 42 మంది సెక్షన్‌కి నెలకి రెండు టెస్టులు వచ్చేస్తాయి. జిరాక్స్ వాడికి ‘వంకర లేకుండా, సైజు మార్చకుండా’ అని చెప్పాలి, నాలుగు మూలల నల్ల గళ్లలో ఒకటి తెగినా యాప్ షీటుని గుర్తుపట్టదు. మార్కులు కాదు చూడాల్సింది, ‘ఐటెం అనాలిసిస్’. ఏ ప్రశ్నకి ఏ తప్పు జవాబు ఎక్కువమంది పెట్టారో అందులో ఉంటుంది. వెనకబెంచి గారి 0.3 లాంటి ఆప్షన్లు పెట్టి ఉంటేనే ఆ పట్టిక ఏదైనా చెబుతుంది.

సుద్దముక్క:
అందరికీ ధన్యవాదాలు. రేపటికి బ్యాటరీ సిమ్యులేషన్, 2.5 ఓల్టుల బల్బులు రెండు. ప్లిక్కర్స్ కార్డులు ప్రింటుకి ఇస్తున్నాను. లామినేషన్ చేయించాలా?

కోణమానిని:
మెరిసే లామినేషన్ వద్దు, ట్యూబ్‌లైట్ పడి తళుక్కుమంటే కెమెరా చదవదు. మందపాటి కాగితం మీద ప్రింటు తీసి, అట్టకి అంటించేయండి. చినిగితే మళ్లీ అదే నంబరు ఒక్కటీ ప్రింటు తీసుకోవచ్చు.